ఆ పొడుగు పిల్లని తీసుకో, కానీ

చిన్నీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. క్లబ్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్ నీ చేతికి వచ్చిందని, ఆరడుగుల రెండంగుళాల సెంటర్‌ని పక్క జిల్లా నుంచి తీసుకుంటున్నావని. నా మేనకోడలు మెడలో విజిల్ వేసుకుని కోర్టు పక్కన నిలబడుతుందంటే కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మాట నీ నోట వినాల్సింది. అత్తకి ఒక్క ఫోన్ చెయ్యడానికి తీరిక లేదా నీకు? సరే, అది తర్వాత. ఆ పొడుగు పిల్ల సంగతి విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు.

బుట్ట కింద నిలబడే సెంటర్ల కాలం పోయిందని నీ టీమ్‌లో కొందరు వద్దంటున్నారట. 2015లో అమెరికా లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో వారియర్స్ 2-1తో వెనకబడ్డప్పుడు పొడుగు సెంటర్ బోగట్‌ని పక్కన పెట్టి, అతనికన్నా పొట్టివాడైన ఇగ్వొడాలాని దింపి, వరసగా మూడు గెలిచారు. నిజమే. కానీ 2020లో హ్యూస్టన్ వాళ్లు తమ పొడుగు సెంటర్ కపేలాని పంపేసి, ఆరడుగుల ఐదంగుళాల టక్కర్‌ని సెంటర్‌గా ఆడించి, లేకర్స్ చేతిలో 4-1తో ఓడిపోయారు కదా. అయినా అదంతా ఎన్‌బీఏ. అక్కడ ఎవరినీ కాయకుండా పెయింట్‌లో, అంటే బుట్ట ముందు గీతల మధ్య చోట్లో, మూడు సెకన్లు దాటి ఉంటే డిఫెన్స్‌కి టెక్నికల్ ఫౌల్ పడుతుంది. మనం ఆడే ఫిబా (అంతర్జాతీయ సమాఖ్య) ఆటలో ఆ రూలే లేదు. నీ పిల్ల డిఫెన్స్‌లో ఎంతసేపైనా బుట్ట కింద కాపలా ఉండొచ్చు. షాట్ రింగుకి తగిలాక బంతి ఇంకా రింగు మీద ఆడుతున్నా తట్టేయొచ్చు. మన జిల్లా టీముల్లో 6.75 మీటర్ల త్రీ పాయింట్ గీత బయట నుంచి నిలకడగా వేసేవాళ్లు ఇద్దరుంటే గొప్ప. అందుకని తీసుకో. నాకు అనుమానం లేదు.

ఫ్రీ త్రోలు రోజూ వేయించు, ఫౌళ్లన్నీ ఆమె మీదే చేస్తారు.

ఇక నా తప్పు చెబుతాను. మీ నాన్నకి కూడా తెలియదు.

1996లో నేనూ ఇలాగే ఒక పిల్లని తెచ్చుకున్నాను. సెంటర్‌ని అప్పట్లో పివట్ అనేవాళ్లం. ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు, త్రీ పాయింట్ గీత 6.25 దగ్గర. పల్లెటూరి పిల్ల, పందొమ్మిదేళ్లు. ఊళ్లో తాటిచెట్టు అని ఏడిపించేవాళ్లట, భుజాలు వంచుకుని నడిచేది. మాది పరిగెత్తే టీమ్. షాట్ తప్పి తిరిగొచ్చే బంతి, అదే రీబౌండ్, పట్టామంటే మూడు పాసుల్లో అవతలి బుట్ట దగ్గర ఉండేవాళ్లం. ఆ పిల్ల రాగానే అందరినీ ఆపేశాను. బంతి మెల్లగా తెచ్చి పివట్‌కి ఇవ్వండి అన్నాను. ఎలా ఇవ్వాలో మాత్రం నేర్పలేదు. బంతి తెచ్చే గార్డులు ఎదురుగా నిలబడి తల మీదుగా విసరడం, అవతలివాళ్లు లాగేసుకోవడం.

సెమీస్‌లో అవతలి కోచ్ తన పివట్‌ని గీత బయటికి పంపింది. ఆమె రెండు త్రీలు వేసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. "బయటికెళ్లి పట్టుకో" అని అరిచాను. మా పిల్ల వెళ్లింది. బుట్ట ఖాళీ అయింది. వాళ్ల గార్డులు దూరిపోయారు. వాళ్లని ఆపడానికి వెనక్కి పరిగెత్తి పరిగెత్తి, ఆట ఇంకా పది నిమిషాలు ఉండగానే ఐదో ఫౌల్ చేసి ఆట నుంచి అవుటైంది. బెంచ్ దగ్గరికి వస్తుంటే, అందరి ముందూ, "ఇంత ఎత్తుండి ఏం లాభం?" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కూర్చుని షూ విప్పింది. ఆమె సైజు మా ఊళ్లో దొరక్క, మగవాళ్ల కాన్వాస్ షూ ముందువైపు బ్లేడుతో కోసుకుని వేసుకుంటోంది. బొటనవేలి దగ్గర సాక్సు రక్తంతో అట్టకట్టి నల్లగా ఉంది. నెల రోజులు రోజూ రెండు గంటలు ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాను, తల పైకెత్తి చూశానే గానీ ఒక్కసారీ కిందికి చూడలేదు. మర్నాటి నుంచి ఆమె ప్రాక్టీసుకి రాలేదు. ఇంటికి వెళ్లి క్షమించమని అడగాల్సింది. వెళ్లలేదు. ఇరవై నాలుగు కిలోమీటర్లు, బస్సు కూడా ఉంది.

అందుకే నీ టీమ్ పరుగు ఆపకు. ఆమె రీబౌండ్ పట్టి పాస్ విసిరితే చాలు, మిగతావాళ్లు పరిగెత్తనీ, తను వెనకాల వస్తుంది. గార్డులకి రోజూ పావుగంట ఒకటే పని పెట్టు: పక్కకి జరిగి, ఆమె ఏ చెయ్యి చాపితే ఆ చేతికి బౌన్స్ పాస్. అవతలి సెంటర్ బయట నుంచి వేస్తుంటే 2-3 జోన్ పెట్టి, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తలో చోటు కాసేలా, ఈమెని వెనక వరస మధ్యలో ఉంచు. అప్పటికీ కుదరకపోతే ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, కానీ అది శిక్ష కాదని ముందురోజే చెప్పు. బాస్కెట్‌బాల్ ప్లేయర్ గీతూ అన్నా జోస్ గురించి కూడా చెప్పు. మన దేశం పిల్లే, ఈమెంత ఎత్తే, ఆస్ట్రేలియా వెళ్లి క్లబ్‌కి ఆడింది, 2014లో అర్జున అవార్డు అందుకుంది. భుజాలు వంచుకుంటుంటే మాత్రం, అమ్మలూ, నలుగురిలో అనకు. పక్కకి పిలిచి చెప్పు.

ఆమె వచ్చిన రోజే, ప్రాక్టీస్ అయ్యాక, పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కదా, అప్పుడు కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయి. రెండు కాళ్లూ. ఆ కాగితాలు నాకు పోస్టులో పంపు. షూస్ నేను కొంటాను, డబ్బు గురించి మీ నాన్నని అడగొద్దు.

మీ అత్తయ్య