ఇంటితోట: ఉల్లికాడల నిల్వ, మళ్ళీ పెంపకం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అంగడి నుంచి ఉల్లిపొరక కట్ట తెచ్చిన రెండు మూడు రోజులకే ఆకులు పసుపుబారి, లోపల జిగురు పట్టి, ఫ్రిజ్ అంతా వాసన వస్తోంది. సగం కట్ట కూడా వాడుకోలేకపోతున్నాను. ఎలా దాచుకోవాలి? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ఉల్లిపొరక రెండు విధాలుగా పాడవుతుంది. ఆకులో అధికభాగం నీరే కాబట్టి పొడిగాలి తగిలితే వాడిపోతుంది. ఆకు మీద తడి నిలిచి ఉంటే బాక్టీరియా చేరి జిగురు పడుతుంది. వాడిపోతుందన్న భయంతో తడిగా ఉంచేవారే జిగురును కొనితెచ్చుకుంటారు. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఉండాలి కానీ, ఆకు మీద మాత్రం నీటి చుక్క ఉండకూడదు. కట్టలు తాజాగా కనబడాలని అమ్మేవారు వాటిమీద నీళ్ళు చిలకరిస్తూ ఉంటారు. ఆ తడితోనే కట్టను ప్లాస్టిక్ కవరులో మూటగట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నారేమో ఒకసారి గమనించండి.

ఇంటికి రాగానే కట్టకు వేసిన రబ్బరు బ్యాండునో పురికొసనో విప్పేయండి. కుళ్ళు సాధారణంగా ఆ బిగుసుకున్న చోట, నలిగిన ఆకుల దగ్గరే మొదలవుతుంది. విరిగినవి, పసుపుబారినవి ఏరివేసి, వేళ్ళకున్న మట్టిని దులిపి, కడగకుండా నూలు గుడ్డ మీద పరచి కాసేపు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. కడగడం వాడుకునే ముందు చేయవలసిన పని. ఆరిన కాడలను పొడి గుడ్డలో వదులుగా చుట్టి, రెండు మూడు చిల్లులు పెట్టిన కవరులో ఉంచి, ఫ్రిజ్ అడుగున ఉండే కూరగాయల అరలో పెట్టండి. గుడ్డ చెమ్మగిల్లితే మార్చండి. 0 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 95 శాతానికి పైగా తేమ ఉండే శీతల గిడ్డంగుల్లో ఉల్లికాడలు మూడు, నాలుగు వారాలు నిలుస్తాయి. మన ఫ్రిజ్ అంత చల్లగానూ ఉండదు, రోజుకు ఎన్నిసార్లు తలుపు తీస్తామో లెక్కా ఉండదు. కాబట్టి వారం, మహా అయితే పది రోజులు నిలిస్తే అదే గొప్ప.

పక్కన ఏం పెడుతున్నారో కూడా చూసుకోవాలి. పండిన అరటి, మామిడి, ఆపిల్ పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు ఆకులు త్వరగా పసుపుబారడానికి దోహదం చేస్తుంది. ఉల్లి వాసనను పాలు, వెన్న, మీగడ ఇట్టే పట్టుకుంటాయి కనుక వాటికి గట్టి మూత తప్పనిసరి. పది రోజుల్లో వాడలేమనుకున్నవాటిని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, సన్నగా తరిగి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. కరకరలాడే గుణం పోతుంది కాబట్టి పెరుగు పచ్చడికి అవి పనికిరావు. కోడిగుడ్డు పొరటుకు, ఎండురొయ్యల కూరకు, శనగపిండి వేసి చేసే పొడికూరకు ఏ లోటూ ఉండదు.

ప్రశ్న: వేళ్ళను నీళ్ళ గ్లాసులో పెడితే ఇక ఎన్నటికీ ఉల్లికాడలు కొననక్కరలేదని వీడియోల్లో చెబుతున్నారు. మొదటి కోతకు బాగానే వచ్చాయి. తర్వాత దారాల్లా సన్నబడ్డాయి, రుచీ లేదు, నీళ్ళు కంపు కొడుతున్నాయి. లోపం ఎక్కడుంది? (ఒక గృహిణి, గుంటూరు)

జవాబు: లోపం మీ చేతిలో లేదు, ఆ వీడియోలు ఇచ్చిన హామీలో ఉంది. ఉల్లికాడను కోసి అడ్డంగా చూస్తే, ఒకదానిలో ఒకటి ఒదిగిన తెల్లని వలయాలు, నడుమ లేతపచ్చని చిగురు కనిపిస్తాయి. వేళ్ళకు పైన చిన్న బిళ్ళలా గట్టిగా ఉండే భాగమే ఈ మొక్కకు అసలైన కాండం. కొత్త ఆకులన్నీ అక్కడి నుంచే పుట్టి లోపలి నుంచి పైకి వస్తాయి, ఆకు పొడవు పెరిగేదీ అడుగు నుంచే. అందుకే పైభాగం కోసేసినా మొక్క చావదు. మర్నాటికల్లా నడిమి చిగురు బయటి వలయాలను దాటి పైకి పొడుచుకు రావడం మీరూ చూసే ఉంటారు.

అయితే ఆ ఎదుగుదలకు కావలసిన ఆహారం గ్లాసులోని నీళ్ళలో ఉండదు. ఉల్లిజాతి మొక్కలు తమ ఆహారాన్ని ఫ్రక్టాన్లు అనే చక్కెరల రూపంలో తెల్లని భాగంలో దాచుకుంటాయి. మొదటి కోతకు మీరు తిన్నది చాలావరకు ఆ నిల్వనే. రెండో కోతకు అది అడుగంటుతుంది. కిటికీలో పడే కొద్దిపాటి వెలుతురుతో కొత్త ఆకులు కొంత తయారుచేసుకున్నా, నత్రజని లేనిదే అవి ఊపందుకోవు. రుచి తగ్గడానికి కారణం గంధకం. ఉల్లికి ఘాటునిచ్చేవి గంధకపు సమ్మేళనాలు. ఆ గంధకాన్ని మొక్క వేళ్ళ ద్వారా నేలలోంచి తీసుకోవాలి. ఉత్త నీళ్ళలో పెరిగిన ఆకు పచ్చగానే ఉన్నా చప్పగా ఉండటం అందువల్లనే. నా ఉద్దేశంలో నీళ్ళ గ్లాసు తాత్కాలిక మజిలీగా మాత్రమే పనికివస్తుంది. ఒక కోత తీసుకున్న తర్వాత, లేదా తీసుకోకుండానే, కాడలను మట్టిలోకి మార్చాలి.

గ్లాసులో ఉన్నన్నాళ్ళూ శుభ్రత ముఖ్యం. వేళ్ళతో పాటు రెండు అంగుళాల తెల్లని భాగాన్ని వదిలి కోయండి. మరీ కురచగా కోస్తే నిల్వ ఆహారమూ ఉండదు, కాడ నిలబడనూ లేదు. నీళ్ళు వేళ్ళు మునిగేంతవరకే ఉండాలి. తెల్లని భాగం నానితే పైపొర చివికి కంపు కొడుతుంది. నీళ్ళు రోజూ మార్చాలి, ఎండాకాలంలో రెండు పూటలా మార్చినా మంచిదే. మార్చినప్పుడల్లా గ్లాసును తోమి, వేళ్ళను వేలితో నిమిరి జారుడు పోయేలా కడగండి. మెత్తబడిన కాడను వెంటనే తీసేయండి. దాన్ని ఉంచితే పక్కవాటికీ అంటుతుంది.

మట్టికి ఆరు అంగుళాల లోతు, అడుగున చిల్లులు ఉన్న ఏ తొట్టి అయినా, పాత పెయింటు డబ్బా అయినా సరిపోతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కానీ కొబ్బరి పొట్టు కానీ కలపండి. నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. కాడలను రెండు అంగుళాల ఎడంతో, వేళ్ళు, వాటి పైనున్న బిళ్ళ మట్టిలో కప్పబడేలా, తెల్లని భాగంలో ఎక్కువ పాలు పైకి ఉండేలా నాటి, నాలుగైదు గంటలు ఉదయపు ఎండ తగిలేచోట పెట్టండి. మే నెల ఎండల్లో మధ్యాహ్నం నీడ లేకపోతే ఆకుల కొనలు మాడిపోతాయి. పది పదిహేను రోజులకొకసారి, నానబెట్టిన వేరుశనగ పిండిచెక్క నీటిని బాగా పలుచన చేసి పోస్తే నత్రజనితో పాటు కొంత గంధకమూ అందుతుంది. మొక్కంతా బోడి చేయకుండా బయటి ఆకులు కోసుకుంటూ, నడిమి చిగురును వదిలేస్తే నెలల తరబడి కోతలు వస్తాయి. ఆ తర్వాత మొక్క అలసిపోతుంది. అప్పుడు పీకి, గడ్డతో సహా కూరలో వేసుకోవడమే.

ప్రశ్న: బుట్టలో ఉల్లిగడ్డలు మొలకెత్తాయి. వాటిని తినవచ్చా? నాటితే మళ్ళీ గడ్డలు ఊరతాయా? (ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: నిక్షేపంగా తినవచ్చు. మొలకెత్తిన బంగాళాదుంపలో పెరిగే విషపదార్థం ఉల్లిలో ఉండదు. గడ్డ కాస్త మెత్తబడుతుంది, తీపి తగ్గుతుంది, అంతే. బూజు పట్టినా, కుళ్ళినా మాత్రం పారేయండి. నాటితే కాడలు పుష్కలంగా వస్తాయి, నిల్వ ఆహారం ఎక్కువ కాబట్టి వేళ్ళ ముక్కల కంటే బలంగానూ ఎదుగుతాయి. గడ్డల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఉల్లి సహజంగా రెండేళ్ళ పంట: మొదటి ఏడు గడ్డ ఊరుతుంది, రెండో ఏడు ఆ గడ్డలోని ఆహారమంతా పూలకాడకు, విత్తనానికి ఖర్చవుతుంది. చలికాలం తర్వాత మధ్యలోంచి గట్టిగా, బోలుగా ఒక కాడ లేస్తే అది పూలకాడ. లేతగా ఉన్నప్పుడే తుంచి వండుకోవచ్చు. విత్తనం కోసం ఉంచితే ఏడాదిలోపే చల్లుకోండి, ఉల్లి విత్తనానికి మొలకశక్తి త్వరగా తగ్గిపోతుంది. గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. 5 నుంచి 20 డిగ్రీల మధ్య చల్లదనమే మొలకను రేపుతుంది. గాలి ఆడే వెచ్చని పొడి చోటే వాటికి మేలు.

ప్రశ్న: ఇక్కడ దొరికే ఉల్లికాడలకు అడుగున గడ్డే ఉండదు. వీటి వేళ్ళను నాటవచ్చా? పచ్చిగా తినడం మంచిదేనా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: మన బజార్లలో అమ్మేవి ఎక్కువగా మామూలు ఉల్లినే లేతగా పీకినవి. మీరు కొంటున్నవి చాలావరకు గడ్డ ఊరని వేరే జాతికి చెందినవి. ఇంటి పెంపకానికి అదే మేలైనది. అది బహువార్షికం, చలికి ఓర్చుకుంటుంది, పక్కన పిలకలు వేసి గుంపు కడుతుంది. ఏడాదికొకసారి గుంపును విడదీసి నాటుకుంటే తరగదు. పచ్చిగా తినేటప్పుడు మాత్రం శుభ్రత విషయంలో అలసత్వం కూడదు. 2003లో పెన్సిల్వేనియాలోని ఒక రెస్టారెంటులో వడ్డించిన పచ్చి ఉల్లికాడల వల్ల 500 మందికి పైగా హెపటైటిస్-ఎ సోకి, ముగ్గురు మరణించారు. పొరల మధ్య మట్టి, మురికి ఇరుక్కుంటాయి కాబట్టి బయటి పొర ఒలిచి, పారే నీటి కింద ఒక్కొక్క కాడనే కడగండి. కడిగినంత మాత్రాన సూక్ష్మక్రిములన్నీ పోవు; గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి ఉడికించి పెట్టడమే క్షేమం.

ప్రశ్న: తొట్టిలోని ఉల్లి ఆకుల మీద వెండిరంగు గీతలు వస్తున్నాయి. తెగులా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: తెగులు కాదు, తామర పురుగుల పని. అవి ఆకును గీకి రసం పీల్చిన చోటల్లా అలా తెల్లబడుతుంది. ఆకులు కలిసే మొదట్లో చీల్చి చూస్తే, లేత పసుపురంగులో నలుసుల్లాంటి పురుగులు కనిపిస్తాయి. బాగా దెబ్బతిన్న ఆకులు కోసి పారేసి, రెండు మూడు రోజులు నీళ్ళను ధారగా ఆ మొదళ్ళ మీద కొట్టండి. తొట్టిలో ఉన్న నాలుగు మొక్కలకు చాలాసార్లు అదే సరిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేసి, వారం తర్వాత మరోసారి చేయండి. నూనె వాసన పోయేవరకు ఆ ఆకులు కోయవద్దు.