అకార్డియన్ ఒకటే, దారులు రెండు

ప్రశ్న: అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పుట్టిన కేజన్ పాటలు, జైడెకో సంగీతం రెండింట్లోనూ ఫ్రెంచ్, అకార్డియన్ వినిపిస్తాయి కదా, మరి తేడా ఏంటండీ?

జవాబు: చుట్టాలే గానీ రెండూ ఒకటి కాదండీ. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని అకేడియా నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచ్ కుటుంబాల వారసులు కేజన్లు, వాళ్ల పాటలో ఫిడేలు, చిన్న అకార్డియన్, ట్రయాంగిల్ ముందుంటాయి. క్రియోల్ వాళ్లు, అంటే లూసియానాలో ఫ్రెంచ్ మాట్లాడే నల్లజాతి వాళ్లు, తమ పాత 'లాలా' సంగీతానికి బ్లూస్ కలిపితే జైడెకో అయింది. జైడెకో కళాకారుడు క్లిఫ్టన్ షెనియే పెద్ద పియానో అకార్డియన్ వాయిస్తుంటే, ఆయన అన్నయ్య క్లీవ్‌లాండ్ భుజాలకు తగిలించుకున్న గరుకు రేకును ఛాతీ మీద గీకుతూ తాళం వేసేవాడు, ఆ ఊపుకి కాళ్లు ఆగవు!

వర్ణవివక్ష రోజుల్లోనే, 1929లో, క్రియోల్ గాయకుడు అమెడే ఆర్డ్వాన్, తెల్లజాతి ఫిడేలు కళాకారుడు డెనిస్ మెగీ కలిసి రికార్డులు చేశారు. ముందు అవి వినండి, ఆర్డ్వాన్ గొంతులో ఆ బాధ భాష రాకపోయినా అందుతుంది.