సైన్యం బూట్లు, పోలీసు బూట్లు: ఒకే జత అన్ని చోట్లకీ ఎందుకు పనికిరాదు?

చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఒక మంచి జత అన్నిటికీ సరిపోదా అని అడిగారు. పన్నెండేళ్లు యూనిఫాం వేసుకున్నాను. సగం అడవి గస్తీలో, సగం పట్టణం డ్యూటీలో గడిచింది. సరిపోదనే చెబుతాను. ఎందుకంటే బూటులో అసలు సంగతి నీళ్లు ఎటు పోవాలన్నది.

మొదటి వానాకాలం గస్తీకి వాటర్‌ప్రూఫ్ లైనింగ్ ఉన్న బూట్లు వేసుకెళ్లాను. మోకాలి లోతు వాగు దాటగానే పైనుంచి నీళ్లు దిగాయి. బయటి తడిని ఆపాల్సిన లైనింగే లోపలి నీళ్లను పోనివ్వలేదు. మూడో రోజుకు అరికాళ్లు తెల్లగా నాని, ముట్టుకుంటే చర్మం ఊడొచ్చేది. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తుంది.

వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన జంగిల్ బూటును దీనికి పూర్తి విరుద్ధంగా చేశారు. నీళ్లు ఎలాగూ వస్తాయి, వచ్చినవి త్వరగా పోవాలి అన్నది లెక్క. అందుకే పైభాగం తొందరగా ఆరే గుడ్డ, పాదం లోపలి పక్కన నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలు. నేలలో పాతిన పదునైన వెదురు ముళ్లు దిగకుండా సోల్‌లో ఉక్కు రేకు కూడా పెట్టారు. అదే బూటును ఎడారికి మార్చినప్పుడు రంధ్రాలు మూసేశారు, ఇసుక దూరుతుంది కాబట్టి. ఎండకు కాలిపోతుందని రేకు కూడా తీసేశారు.

చలిలో ఇబ్బంది కాలి చెమటతోనే. 1950 చలికాలంలో, కొరియా యుద్ధంలో నడుస్తుండగా పట్టిన చెమట, ఆగగానే గడ్డకట్టి చాలామంది సైనికుల పాదాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత వచ్చిన బూట్లలో ఉన్నిని రెండు రబ్బరు పొరల మధ్య మూసిపెట్టారు. సాక్సులు తడిసినా ఉన్ని తడవదు, వేడి నిలుస్తుంది.

పోలీసు డ్యూటీ వేరు. గంటల తరబడి కాంక్రీటు మీద నిలబడాలి, ఉన్నట్టుండి నున్నటి గచ్చు మీద పరుగెత్తాలి. కాబట్టి తేలికగా ఉండాలి, మడమ కింద మెత్తదనం ఉండాలి, నూనె పడ్డ నేల మీదా జారని సోల్ కావాలి. పక్క జిప్ అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడు ఎంత మేలో నాకు తెలుసు. బురదలో మాత్రం అదే జిప్ ఇరుక్కుపోతుంది, అడవికి లేసులే నయం. వేళ్ల దగ్గర గట్టి రక్షణ కావాలంటే ఉక్కు కంటే కాంపోజిట్ (లోహం కాని గట్టి మిశ్రమ పదార్థం) తీసుకోండి. చలిని అంతగా లాగదు, మెటల్ డిటెక్టర్ దగ్గర ఆగాల్సిన పనీ ఉండదు.

ఇంకో మాట. పాత స్టాకు కొనేముందు సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కొన్ని సోళ్లలో వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ గాలిలోని తేమకు ఏళ్ల తరబడి క్షీణిస్తుంది. నేను భద్రంగా దాచుకున్న జత, ఒక్కసారీ వేసుకోనిది, మొదటి రోజు నడకలోనే పిండిలా రాలిపోయింది.