బండి మీద వెళ్లేవారికి త్వరగా నిలబడే గుడారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మోటార్‌సైకిల్‌పై దూరప్రయాణాలు చేస్తూ రాత్రులు గుడారంలో గడుపుతుంటాను. రోజంతా బండి నడిపి అలసిపోయాక గుడారం వేయడం భారమనిపిస్తోంది. సంచిలోంచి తీసి విసిరితే దానంతటదే విచ్చుకునే రకం కొనమని మిత్రులు చెబుతున్నారు. గొడుగులా తెరుచుకునే రకం కూడా ఉందట. నాకు ఏది అనుకూలం?

జవాబు: గుడారం ఎన్ని నిమిషాల్లో నిలబడుతుందని అడిగే ముందు, మడిచిన తరువాత దాని పొడవెంత అని అడగండి. కారులో వెళ్లేవారికి ఈ ప్రశ్నతో పెద్దగా పని ఉండదు. బండి మీద వెళ్లేవారికి మాత్రం అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

విసిరితే విచ్చుకునే రకంలో వంగే ఉక్కు తీగల చుట్టలను గుడ్డలోనే కుట్టేస్తారు. ఇది క్షణాల్లో తెరుచుకుంటుందన్నది నిజమే. అయితే మడిచాక అది పళ్లెంలా గుండ్రంగా, తరచుగా 75 నుంచి 90 సెంటీమీటర్ల వ్యాసంతో తయారవుతుంది. వెనుక సీటు మీద పడుకోబెడితే రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది, నిలబెట్టి కడితే పక్కగాలి తగిలినప్పుడల్లా బండిని నెడుతుంది. పైగా తెరవడం ఎంత సులువో, మెలితిప్పి మళ్లీ చుట్టగా మడవడం అంత కష్టం. ఆ పని ఇంటి దగ్గరే చేతికి బాగా అలవాటు కాకపోతే, సాయంత్రం ఆదా చేసిన సమయం పొద్దున పోతుంది.

గొడుగు రకంలో కడ్డీలన్నీ ముందే గుడారానికి బిగించి, నడినెత్తిన ఒక కీలుతో కలిపి ఉంటాయి. తాడు లాగితే చాలు, ఒకటి రెండు నిమిషాల్లో నిలబడుతుంది. కానీ ఆ కడ్డీలకు మడతలు తక్కువ కాబట్టి, కట్ట పొడవు చాలా గుడారాల్లో 70 సెంటీమీటర్లు మొదలుకొని మీటరు దాటి కూడా ఉంటుంది. దారిలో ఆ కీలు విరిగితే మరమ్మతు మన చేతుల్లో ఉండదు. విడి కడ్డీ విరిగితే మాత్రం దాని మీదికి ఒక చిన్న గొట్టం తొడిగి ప్రయాణం సాగించవచ్చు. గాలి నింపి నిలబెట్టే గుడారాలు పంపుతో కలిపి బరువెక్కువ కనుక, బండికి వాటిని నేను సూచించను.

నా అభిప్రాయంలో మీకు కావలసింది మామూలు గోపురం ఆకారపు గుడారమే, అయితే కొన్ని లక్షణాలు చూసి ఎంచుకోవాలి. కడ్డీల ముక్కలు 40 నుంచి 45 సెంటీమీటర్లకు మించకూడదు. అప్పుడు అది బండి పక్కపెట్టెలో ఇమిడే అవకాశం ఉంటుంది. ఆ ముక్కలను లోపలి నుంచి సాగే తాడు కలిపి ఉంచాలి. కడ్డీని పొడవాటి గుడ్డ గొట్టంలోకి దూర్చే రకం కాకుండా, గుడ్డకున్న కొక్కేలను కడ్డీకి తగిలించే రకం తీసుకోండి. చీకట్లో, తడిసిన చేతులతో, చేతి తొడుగులు తీయకుండానే టక్కున పట్టే కొక్కెం విలువ అక్కడే తెలిసొస్తుంది. నాలుగైదుసార్లు సాధన చేస్తే ఇలాంటి గుడారాన్ని ఒక్కరే అయిదు నిమిషాల్లో వేయగలరు.

వానలో ప్రయాణించేవారైతే, వానను ఆపే బయటి గుడ్డ, అంటే పై కప్పు, మొదట నిలబడి, పడుకునే లోపలి గది తరువాత దానికి వేలాడే నిర్మాణం మరీ మేలు. లోపలి గదే మొదట నిలిచే రకంలో, మీరు పై కప్పు పరిచేలోపే పడుకునే చోటు తడిసిపోతుంది. గుడ్డ ఎంత నీటిని ఆపగలదో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది: అంత ఎత్తు నీటి ఒత్తిడికీ అది కారదని అర్థం. పై కప్పుకు 1500 సాధారణంగా సరిపోతుంది; మోకాళ్ల ఒత్తిడి పడే నేలగుడ్డకు 3000 ఉండటం మంచిది. కుట్ల మీద పట్టీ అతికించారో లేదో తప్పక చూడండి, ఎందుకంటే గుడ్డ ఆపిన నీరు సూది రంధ్రాల్లోంచి దిగుతుంది.

ఒక్కరే వెళ్తున్నా ఇద్దరు పట్టే గుడారం తీసుకోండి. హెల్మెట్, జాకెట్, బూట్లు రాత్రంతా మంచులో తడిస్తే మర్నాటి ప్రయాణం నరకమే.

ప్రశ్న: బండిని గుడారం పక్కనే నిలపవచ్చా?

జవాబు: కనీసం బండి ఎత్తుకు మించిన దూరంలో నిలపండి. మెత్తటి నేలలో సైడ్ స్టాండ్ రాత్రికి రాత్రే దిగబడి బండి ఒరిగిపోవచ్చు. స్టాండ్ కింద వెడల్పాటి రేకు గానీ చదునైన రాయి గానీ పెట్టడం మరవకండి. వేడిగా ఉన్న సైలెన్సర్ తగిలితే నైలాన్ గుడ్డ కరిగిపోతుంది. ప్రయాణంలో గుడారం సంచిని కట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం.

ప్రశ్న: తడిసిన గుడారాన్ని అలాగే మడిచి తీసుకెళ్లవచ్చా?

జవాబు: ఒక పూటకైతే ఫరవాలేదు. పై కప్పును విదిలించి, లోపలి గదికి తగలకుండా వేరే సంచిలో పెట్టండి. సాయంత్రం బస చేసిన చోట వెంటనే విప్పి ఆరబెట్టండి. తడిగానే రోజుల తరబడి ఉంచితే బూజు పడుతుంది, నీటిని ఆపే లోపలి పూత జిగురుగా మారి ఊడిపోతుంది. పూత అలా ఊడిన గుడారం వానకు ఆగదు.