మెహబూబ్ కీ మెహందీ ఏమైంది?

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ పేరెత్తగానే మా ఇంట్లో పెద్దలు మాట మార్చేస్తారు. ఆ వీధి చరిత్ర ఏమిటి?

జవాబు: హైకోర్టుకు చేరువలోని ఆ వాడ ఒకప్పుడు గానం, నాట్యం అభ్యసించిన కళావంతులైన తవాయిఫుల కోఠాలకు, అంటే వారు కచేరీలు చేసే ఇళ్లకు, పేరొందింది. 1948లో నిజాం పాలన, మరుసటి ఏడాది జాగీర్లు రద్దు కావడంతో వారిని పోషించిన దర్బారీ లోకం చెదిరిపోగా, కాలక్రమంలో అది వ్యభిచార వాడగానే మిగిలింది. 1990ల నడుమ అక్కడి స్త్రీలను ఖాళీ చేయించారు. తలదాచుకునే చోటు చూపకుండా వెళ్లగొట్టడాన్ని సంస్కరణ అనడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. వారి పిల్లల కోసం 1996లో సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ ఖాళీ అయిన ఒక వేశ్యాగృహంలోనే, ఐదుగురు పిల్లలతో బడి తెరిచారు. అక్రమ రవాణాకు గురైన స్త్రీలను, పిల్లలను కాపాడే ప్రజ్వల సంస్థ అలా మొదలైంది.