గేటు బయటి వరుసను లెక్కలోకి తెచ్చిన అమ్మాయి వెనకబడలేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ప్రాసెస్ సిమ్యులేషన్ (పని జరిగే తీరును కంప్యూటర్‌లో నడిపి చూసే) సాఫ్ట్‌వేర్‌లో ఒక ఉత్పత్తి లైన్ మోడల్‌ను ప్రాజెక్టుగా చేసింది. లైన్ లోపల ఒకేసారి ఉండే ఐటమ్‌ల సంఖ్యకు పరిమితి విధించే గేటు పెట్టాక అవి లైన్‌లో గడిపే సమయం 20 నిమిషాల నుంచి 8 నిమిషాల పైచిలుకుకు తగ్గిందని, గైడ్ కూడా బాగుందన్నారని చెప్పింది. అయినా ఆ లెక్క నమ్మబుద్ధి కావడం లేదంటూ వారాల తరబడి దాని మీదే కూర్చుంటోంది. తోటివారంతా డేటా సైన్స్, ఏఐ కోర్సుల్లో చేరిపోయారు. తను మాత్రం సిమ్యులేషన్‌నే వృత్తిగా తీసుకుంటానంటోంది. రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి. ఇప్పుడే డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? ఆమె ప్రాజెక్టు వివరాలు జతచేస్తున్నాను.

సమాధానం: మీరు అడిగింది పోలిక. మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం వేరొక ఆందోళన. అందరూ ఒక దారిన వెళ్తుంటే మన పిల్ల ఒక్కతే పక్కదారిలో మిగిలిపోతుందేమోనని మీరు భయపడుతున్నారు. ఇదే భయంతో ఎందరో తల్లిదండ్రులు నాకు రాస్తూ ఉంటారు. కొన్నేళ్లకోసారి ఆ దారి పేరు మారుతుంది తప్ప ప్రశ్న మారదు. అందుకే ముందు భయం సంగతి చూసి, ఆ తరువాత పోలికకు వస్తాను. మీ అమ్మాయి వెనకబడలేదు. ఆమె వారాల తరబడి పట్టుకు వేలాడుతోందని మీరు అనుకుంటున్న ఆ లెక్క, ఈ రంగంలో అనుభవజ్ఞులకు జీతమిచ్చి చేయించుకునే పని. ఈ మాట ఓదార్పు కోసం అనడం లేదు. మీరు పంపిన వివరాల నుంచే చూపిస్తాను, కాస్త ఓపికగా చదవండి.

ఆమె మోడల్‌లో ఐటమ్‌లు గంటకు సగటున 30 వస్తాయి. అవి వరుసగా రెండు యంత్రాల గుండా వెళ్తాయి, ఒక్కో యంత్రం ఒక్కో ఐటమ్‌కు సగటున 100 సెకన్లు తీసుకుంటుంది. అంటే ఏ యంత్రమైనా గంటకు 36 ఐటమ్‌లు చేయగలదు. రాకల మధ్య వ్యవధులకూ పని సమయాలకూ ఎక్స్‌పొనెన్షియల్ విభజన తీసుకుంది, అంటే అవి ఒకేలా ఉండవు, ఎక్కువసార్లు చిన్నవిగా, అప్పుడప్పుడు బాగా పెద్దవిగా యాదృచ్ఛికంగా మారుతుంటాయి. గేటు లేనప్పుడు లైన్‌లో సగటున 10 ఐటమ్‌లు ఉన్నాయి, ఒక్కోటి సగటున 20 నిమిషాలు గడిపింది. ఇందులో యంత్రాల మీద జరిగే అసలు పని 200 సెకన్లు మాత్రమే, మిగిలినదంతా ఎదురుచూపు. ఆ ఎదురుచూపును తగ్గించాలని, లోపల ఏ క్షణంలోనూ 4 ఐటమ్‌లకు మించి ఉండకుండా ఆమె గేటు పెట్టింది. వెంటనే నివేదికలో 20 నిమిషాలు కాస్తా 8.3 నిమిషాలయ్యాయి. గైడ్ సంతోషించారు. ఆమె సంతోషించలేదు.

ఎందుకు సంతోషించలేదో అర్థం చేసుకోవడానికి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక చిన్న సూత్రం చాలు. ఒక హద్దు లోపల సగటున ఉండే ఐటమ్‌ల సంఖ్య, ఆ హద్దు దాటి లోపలికి వచ్చే వేగాన్ని ఒక్కో ఐటమ్ లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చే సంఖ్యకు సమానం. గేటు లేనప్పుడు గంటకు 30 చొప్పున, గంటలో మూడో వంతు సేపు గడిపితే 10 ఐటమ్‌లు. లెక్క సరిపోయింది. గేటు పెట్టాక లోపల 4 ఐటమ్‌లు, ఒక్కోదానికి 8.3 నిమిషాలు. ఇక్కడ సూత్రం సరిపోవాలంటే గంటకు 28.8 ఐటమ్‌లు మాత్రమే లోపలికి వెళ్తూ ఉండాలి. ఆమె నివేదికలోని త్రూపుట్ (గంటకు పూర్తయి బయటికి వచ్చే ఐటమ్‌ల సంఖ్య) గడిలో ఉన్నదీ ఆ సంఖ్యే. సాఫ్ట్‌వేర్ అబద్ధమేమీ చెప్పలేదు, అడిగిన హద్దుకు సరైన జవాబే ఇచ్చింది. అయితే గంటకు 30 వస్తుంటే 28.8 మాత్రమే లోపలికి వెళ్తున్నాయి. మిగిలినవి గేటు బయట పోగవుతున్నాయి. మోడల్‌ను 100 గంటలు నడిపితే సగటున 120 దాకా ఐటమ్‌లు బయట వరుసలో నిలబడి ఉంటాయి. ఐటమ్ మీద సమయపు ముద్ర గేటు దాటాక పడుతోంది కాబట్టి, ఆ నిరీక్షణలో ఒక్క నిమిషం కూడా 8.3లోకి చేరలేదు.

గేటు పెడితే త్రూపుట్ ఎందుకు పడిపోయిందన్నది ఆమె రాసుకున్న ఒక ప్రశ్న. దానికి జవాబు యంత్రాల ఖాళీ సమయంలో ఉంది. లోపల 4 ఐటమ్‌లే ఉన్నప్పుడు, ఆ నాలుగూ ఒక యంత్రం ముందే చేరిన క్షణాలు తరచుగా వస్తాయి. అప్పుడు రెండో యంత్రం ఊరికే ఉంటుంది. ఈ మోడల్‌లో గేటు బయట ఎప్పుడూ వరుస ఉంటుంది కాబట్టి, ఒక్కో యంత్రం ఐదో వంతు సమయం ఖాళీగా ఉండిపోతుంది, 36లో మిగిలేది 28.8. పరిమితిని 6కు పెంచితే లైన్ గంటకు దాదాపు 30.9 దాకా, 8కి పెంచితే 32 దాకా మోయగలదు. అప్పుడు బయటి వరుస హద్దు లేకుండా పెరగడం ఆగుతుంది. అయితే వచ్చిన క్షణం నుంచి బయటపడే క్షణం దాకా మొత్తం సమయం కొలిస్తే, ఈ మోడల్‌లో ఏ గేటుతోనూ దాన్ని 20 నిమిషాల కంటే తగ్గించడం కుదరదు, గేటు ఎదురుచూపును లోపలి నుంచి బయటికి జరుపుతుంది అంతే. గేటు ప్రయోజనం వేరు: లోపల సరుకు పేరుకోకుండా, స్థలం చాలకపోకుండా, పాడయ్యే పని పెరగకుండా చూస్తుంది. దాన్ని వేగం పెంచే సాధనంగా నివేదికలో చూపించడమే పొరపాటు.

అమ్మాయి ప్రాజెక్టు పుస్తకంలో ఒక పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్న మాట మీరు చూశారో లేదో. "చివర్లో లోపలే మిగిలిపోయినవాటి సమయం ఎక్కడ?" అని ఉంది. ఆ ప్రశ్న చదివి నేను చాలా సంతోషించాను. చాలా ప్యాకేజీల్లో సగటు సైకిల్ టైమ్‌ను (ఒక ఐటమ్ లోపల గడిపిన మొత్తం సమయాన్ని) బయటికి వచ్చిన ఐటమ్‌ల మీదే లెక్కిస్తారు. రన్ (మోడల్‌ను ఒకసారి నడపడం) ముగిసే వేళకు ఇంకా వరుసలో ఉన్నవి ఆ సగటులో కనిపించవు, అందరికంటే ఎక్కువసేపు ఆగినవి చాలాసార్లు అవే. పెరుగుతూనే ఉండే వరుసలో ఈ లోపం మరీ పెద్దది. ఎంతసేపు నడిపితే అంత పెద్ద సంఖ్య వస్తుంది, స్థిరపడిన సగటు అనేదే ఉండదు. ఇది తనంతట తాను గమనించిన విద్యార్థిని గురించి "దాని మీదే కూర్చుంటోంది" అని రాయడం నాకు బాధ కలిగించింది.

ఇక్కడ మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. తోటివారు ఏ కోర్సుల్లో చేరారో మీకు పేర్లతో సహా తెలుసు. మీ అమ్మాయి మోడల్ తెరిచి ఆ గేటు ఏమిటో, ఆ వరుస ఎక్కడ పేరుకుంటోందో చూపించమని ఒక్కసారైనా అడిగారా? ఉత్తరం తీరు చూస్తే అడిగినట్టు లేదు. గైడ్ బాగుందన్నాక కూడా సందేహపడటం మొండితనమని మీరు అనుకుంటున్నారు. పెద్దవారు మెచ్చుకున్న సంఖ్యను కూడా మళ్లీ తవ్వి చూసే అలవాటు ఇరవై ఏళ్ల వయసులో దొరకడం అరుదు, మనం దాన్ని పోగొట్టకుండా ఉంటే చాలు. ఆమెకు ఇప్పుడు మీ నుంచి కావలసింది కోర్సు ఫీజు కాదు. రాత్రి భోజనాల దగ్గర "ఎంతవరకు వచ్చింది?" అని నిందలేని గొంతుతో అడిగే ఒక మాట.

ఇక డేటా సైన్స్ సంగతి. ఆ శాస్త్రం మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. నా సందేహమంతా ఆ పేరుతో నడుస్తున్న స్వల్పకాలిక కోర్సుల మీద. వాటిలో శుభ్రంగా నింపిన పట్టిక చేతికిస్తారు, మోడల్‌కు శిక్షణ ఇచ్చి ఖచ్చితత్వపు శాతం తెప్పించడం నేర్పుతారు. ఆ పట్టికలోని సమయం ఏ తలుపు దగ్గర మొదలుపెట్టి ఏ తలుపు దగ్గర ఆపి కొలిచారో అడగడం నేర్పేవి నాకు చాలా తక్కువగా కనిపించాయి. మీ అమ్మాయి లైన్ నుంచే ఉదాహరణ తీసుకుంటే, గేటు దగ్గరి స్కానర్ రాసిన సమయాలతో పట్టిక తయారైందనుకోండి. బయటి నిరీక్షణ అందులో ఒక్క వరుసలోనూ ఉండదు. ఎంత గొప్ప అల్గారిథమ్ అయినా 8.3 నిమిషాలనే చక్కగా అంచనా వేస్తుంది, ఖచ్చితత్వం కూడా బాగానే వస్తుంది, సరుకు కోసం కాచుకున్నవారికి మాత్రం దానివల్ల ఒరిగేది ఏమీ ఉండదు. రెండో ఇబ్బంది ఇంకా మౌలికమైనది. గతంలో గేటు పరిమితి ఎప్పుడూ 4గానే ఉంటే, 8 పెడితే ఏమవుతుందో గత డేటాలో ఉండదు. ఇంకా కట్టని లైన్‌కు అసలు గతమే లేదు. అలాంటి చోట యంత్రాల పని తీరునే మోడల్‌గా కట్టి నడిపి చూడాలి.

ఇప్పుడు డిజిటల్ ట్విన్ అనే పేరుకు కూడా గిరాకీ పెరిగింది. నడుస్తున్న కర్మాగారం నుంచి వచ్చే డేటాతో మోడల్‌ను ఎప్పటికప్పుడు సరిచేస్తూ నిర్ణయాలకు వాడుకోవడం నిజంగా విలువైన పనే. కానీ ఆ పేరుతో అమ్ముతున్న కొన్ని కోర్సుల్లో త్రీడీలో కదిలే బొమ్మలు గీయడం మీద గడిపే సమయంలో సగం కూడా సంఖ్యలు సరిచూసుకోవడం మీద గడపరు. అందమైన యానిమేషన్‌లో గేటు బయటి వరుస తెర అంచు దాటి వెళ్లిపోతే ఎవరికీ కనిపించదు. పిల్లలను అటు పంపేముందు, మోడల్ చెప్పినదాన్ని నిజమైన లైన్‌తో ఎలా సరిపోల్చుతారని నిర్వాహకులను అడగండి.

మీరు అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. డేటా సైన్స్ పేరుతో వచ్చే ఉద్యోగ ప్రకటనలు ఎక్కువ, పోటీ పడేవారూ ఎక్కువ. సిమ్యులేషన్ ఇంజినీర్ అనే పేరుతో వచ్చే ప్రకటనలు తక్కువ, ఆ సంగతి దాచను. ఈ పని చాలాచోట్ల వేరే పేర్లతో ఉంటుంది: ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్, సప్లై చెయిన్ అనాలిసిస్, ఆపరేషన్స్ రీసెర్చ్, గోదాముల రూపకల్పన. ఆసుపత్రుల్లో రోగుల కదలిక, విమానాశ్రయాల్లో సామాను, రేవుల్లో కంటెయినర్లు, చిప్‌ల తయారీ, కాల్ సెంటర్లు, అన్నిచోట్లా ప్రశ్న ఇదే: ఏది ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు? మొదటి ఏళ్లలో తెర ముందు కంటే ఫ్లోర్ మీద గడియారం పట్టుకుని సమయాలు రాసుకునే పనే ఎక్కువ ఉండవచ్చు. దానికి ఆమె సిద్ధంగా ఉండాలి. మరోవైపు, ఈ రెండు రంగాల మధ్య మీరు అనుకుంటున్నంత పెద్ద గోడ లేదు. మంచి సిమ్యులేషన్‌కు కావలసిన రాకల తీరు, పని సమయాల విభజన డేటా నుంచే రావాలి. స్టాటిస్టిక్స్, పైథాన్ రెండింటికీ ఉమ్మడి ఆస్తి.

ఒక్క సాఫ్ట్‌వేర్‌కే కట్టుబడిపోతుందేమోనన్న దిగులు కూడా అక్కర్లేదు. ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ 1961లో తెచ్చిన జీపీఎస్‌ఎస్ అనే సిమ్యులేషన్ భాష నుంచి నేటి అరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్, ఎక్స్‌టెండ్‌సిమ్ ప్యాకేజీల దాకా మోడల్ కట్టే బ్లాకుల పేర్లు మారాయి, లోపలి ఆలోచన మారలేదు: ప్రవేశం, వరుస, వనరు, గేటు, కొలత, నిష్క్రమణ. ఒకదానిలో గట్టిగా నేర్చినవారు ఇంకొకదానికి కొద్ది వారాల్లోనే అలవాటు పడతారు. అందుకే ప్యాకేజీ సర్టిఫికెట్ల కోసం ఇప్పుడు డబ్బు పెట్టవద్దంటాను.

ఈ సెమిస్టర్‌లో ఆమె చేయదగ్గది ఇది. ఐటమ్ పుట్టిన క్షణంలోనే సమయపు ముద్ర వేసి, గేటు బయటి నిరీక్షణను, లోపలి సమయాన్ని విడివిడిగా కొలవాలి. రన్ చివర ఎక్కడ ఎన్ని మిగిలాయో నివేదికలో తప్పనిసరిగా రాయాలి. పరిమితిని 4, 6, 8, 10గా మార్చి, బయటి వరుస స్థిరపడే పరిమితులకు ఖాళీ లైన్‌తో మొదలయ్యే తొలి గంటలను వదిలేసి, వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మార్చే ప్రారంభ సంఖ్యలతో) పలుమార్లు నడిపి, సగటుతో పాటు దాని విశ్వాస అంతరాన్నీ, అంటే అసలు సగటు ఏ హద్దుల మధ్య ఉండవచ్చో కూడా చూపాలి. 6 దగ్గర ఆమె మరీ జాగ్రత్తగా ఉండాలి, 30.9, 30 మధ్య తేడా చిన్నది కాబట్టి వరుస స్థిరపడటానికి చాలా పొడవైన రన్‌లు కావాలి. ఆ తరువాత ఇదే మోడల్‌ను ఉచితంగా దొరికే సిమ్‌పై అనే పైథాన్ లైబ్రరీతో మళ్లీ రాస్తే, బ్లాకుల వెనక జరుగుతున్నది చేతికి తెలుస్తుంది, కోడింగ్ కూడా కొంత అలవాటవుతుంది. సిమ్యులేషన్ నిపుణుల వార్షిక సదస్సు అయిన వింటర్ సిమ్యులేషన్ కాన్ఫరెన్స్ పాత పత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. నిజమైన సంస్థలు ఇలాంటి చిక్కులను ఎలా విప్పాయో వాటిలో కనిపిస్తుంది.

గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫలితం తప్పని వాదించకుండా, పాత కొలతను, కొత్త కొలతను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, ఏ హద్దును ప్రాజెక్టు హద్దుగా తీసుకోవాలో అడగమని చెప్పండి. చాలామంది అధ్యాపకులు అలాంటి పట్టిక చూసి మనసు మార్చుకుంటారు. ఒకవేళ మార్చుకోకపోయినా ఆ రెండు కొలతలూ నివేదిక అనుబంధంలో ఉండేలా చూసుకోమనండి, ఇంటర్వ్యూలో ఆమె మాట్లాడవలసింది వాటి గురించే.

డేటా సైన్స్ కోర్సులో ఇప్పుడు చేర్పించకండి. ప్రాజెక్టు సమర్పించాక తనంతట తానే చదువుతానంటే నిరభ్యంతరంగా చేర్పించండి. అప్పుడు కూడా సంభావ్యత, స్టాటిస్టిక్స్ పునాది నుంచి మొదలుపెట్టే, కనీసం ఒక సెమిస్టర్ నిడివి ఉన్న కోర్సునే ఎంచుకోండి, ఎంపిక ఆమెను చేయనివ్వండి.