ఫార్మా కంపెనీ ప్రజాభిప్రాయ సేకరణలో మార్క్సిస్టు పర్యావరణ దృష్టి ఏం పనికొస్తుంది?

మీరు అడిగింది ఇది: మండలంలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమకు వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, పెట్టుబడి, ప్రకృతి అంటూ మార్క్సిస్టులు చెప్పే మాటలు అక్కడ ఎందుకైనా పనికొస్తాయా అని.

ఉపన్యాసంగా చెబితే మీ చేతికి మైకు వచ్చిన రెండు నిమిషాలూ వృథా అవుతాయి. అయితే కంపెనీ ఇచ్చిన నివేదికను ఏ ప్రశ్నతో చదవాలో ఆ సిద్ధాంతం బాగా నేర్పుతుంది. ఎవరు పెట్టాల్సిన ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? ప్రతి పేజీనీ ఈ ప్రశ్నతో చదవండి.

ముందు సిద్ధాంతం కొద్దిగా. 19వ శతాబ్దంలో ఇంగ్లండు పొలాలు సారం కోల్పోతుంటే పెరూ దీవుల నుంచి సముద్రపక్షుల రెట్టను ఓడల్లో తెచ్చి చల్లారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ రాసింది చదివిన మార్క్స్, నేల నుంచి తీసింది నేలకు తిరిగి చేరడం లేదనీ, మనిషికీ నేలకూ మధ్య జరగాల్సిన ఇచ్చిపుచ్చుకోళ్లు తెగిపోయాయనీ గుర్తించాడు. మెటబాలిక్ రిఫ్ట్, జీవక్రియలో చీలిక, అని ఇప్పుడు అంటున్నది దాన్నే. మన లెక్కలో చూడండి. టన్ను ధాన్యం పండాలంటే గింజా గడ్డీ కలిసి నేల నుంచి 15 నుంచి 20 కిలోల నత్రజని లాగుతాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. ధాన్యం లారీ ఎక్కి, గడ్డిని పొలంలోనే తగలబెడితే దాదాపు ఒక యూరియా బస్తా గట్టు దాటినట్టే. హైదరాబాదులో ఆ అన్నం తిన్నాక అదే నత్రజని మురుగుతో మూసీలోకి చేరి కాలుష్యం అనిపించుకుంటుంది. రైతు మళ్లీ సహజవాయువుతో చేసిన యూరియాకు డబ్బు కట్టాలి. పోయిందీ కొన్నదీ ఒకటే పదార్థం, మధ్యలో లాభం మాత్రం వేరేవాళ్లది.

మార్క్సిజం అంటే శ్రమ ఒక్కటే సంపదకు మూలం అని చాలామంది అనుకుంటారు. 1875లో గోథా కార్యక్రమం మీద విమర్శ రాసినప్పుడు మార్క్స్ మొదటే ఖండించింది ఆ మాటను. ప్రకృతి కూడా అంతే సంపదకు మూలమన్నాడు. సోవియట్ ప్రణాళికలు పత్తి సాగు కోసం నదులను మళ్లించి అరల్ సముద్రాన్ని ఎండగట్టిన మాటా నిజమే. సభలో ఎవరో అది లేవనెత్తుతారు, దాటవేయకండి. ఎర్రజెండా ఉన్నంత మాత్రాన నీళ్ల లెక్క తప్పు కాకుండా పోదు.

ఇక నివేదిక. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన రావాలి. ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థల్లో చూడటానికి ఉండాలి. పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. ఆ సారాంశంలో మీకు కావలసింది ఉండదు. పెద్ద నివేదికనే తీసుకుని, కెమిస్ట్రీ తెలిసిన డిగ్రీ పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి మూడు పట్టికలు వెతికించండి: నీటి లెక్క, వ్యర్థజలాల లెక్క, ప్రమాదకర వ్యర్థాల లెక్క. మిగతా వందల పేజీలకంటే ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అన్నదే ముఖ్యం.

బల్క్ డ్రగ్ వ్యర్థజలాల్లో లవణాలు ఎక్కువ ఉన్నదాన్ని హెచ్‌టీడీఎస్ అని విడిగా చూపిస్తారు. దాన్ని స్ట్రిప్పర్‌లో వేసి ద్రావకాలు తీసి, ఎంఈఈ అనే బహుళ దశల ఆవిరి యంత్రంలో మరిగించి, ఏటీఎఫ్‌డీ అనే డ్రయ్యరులో ఆరబెట్టి ఉప్పుగా చేసి, ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి పంపుతామంటారు. బొట్టు కూడా బయటికి రాదు, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అంటారు. రోజుకు 100 కిలోలీటర్ల హెచ్‌టీడీఎస్ నీరు, టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 40,000 మిల్లీగ్రాములు అని రాశారనుకోండి. కిలోలీటరుకు 40 కిలోల చొప్పున రోజుకు 4 టన్నుల ఉప్పు రావాలి. ప్రమాదకర వ్యర్థాల పట్టికలో ఎంఈఈ లవణాలు 1 టన్ను అని ఉంటే మిగతా 3 టన్నులు ఎక్కడికి పోతాయి? వాగులోకి, బోరులోకి, లేదా రాత్రి ట్యాంకరులోకి. ఇదే మీ మొదటి అభ్యంతరం.

రెండోది బొగ్గు. మూడు దశల ఎంఈఈలో టన్ను నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.4 టన్నుల స్టీమ్ కావాలి. కిలోకు 4,000 కిలోక్యాలరీల బొగ్గు టన్నుకు దాదాపు 5 టన్నుల స్టీమ్ ఇస్తుంది. కిలోలీటరుకు 80 కిలోల బొగ్గు, 100 కిలోలీటర్లకు రోజుకు 8 టన్నులు. బాయిలర్ బొగ్గు లెక్కలో ఉత్పత్తికి వాడేది పోను ఈ 8 టన్నులు కనబడాలి. ఆవిరినే కరెంటుతో నొక్కి మళ్లీ వాడే ఎంవీఆర్ రకం యంత్రమైతే బొగ్గుకు బదులు కరెంటు యూనిట్లలో చూడాలి. మార్క్స్ చెప్పిన అదనపు విలువ (కూలికి మించి కార్మికుడి శ్రమ సృష్టించే విలువ) గురించి పది పేజీలు చదివినా రానంత స్పష్టత ఇక్కడ వస్తుంది. ఎంఈఈ ఆపిన ప్రతి రోజూ ఆ 8 టన్నుల బొగ్గు ఖర్చు నేరుగా లాభంలో కలుస్తుంది. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది పక్కన పెట్టండి. శుద్ధి చేసేవాడి మందు ధర పెరుగుతుంది, చేయనివాడిది తగ్గుతుంది, కొనేవాడు తక్కువ ధరకే కొంటాడు. పోటీయే ఆ యంత్రాన్ని ఆపిస్తుంది.

ద్రావకాల లెక్క కూడా అలాగే. రోజుకు 40 టన్నుల ద్రావకాలు వాడి 95 శాతం తిరిగి పట్టుకుంటామంటే మిగిలిన 2 టన్నులు గాలిలోకో నీటిలోకో వ్యర్థంలోకో పోవాలి. ఏది ఎంతో అడగండి. పోయే ద్రావకం ముందు ఫ్యాక్టరీ లోపలి కార్మికుడి ముక్కులోకి వెళ్లి, తర్వాతే ఊరికి వస్తుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా పరిశ్రమలో ద్రావకం లీకై, ఆవిరి అంటుకుని జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఊరి ప్రశ్నా కార్మికుల భద్రత ప్రశ్నా ఒకే పట్టికలో ఉన్నాయి.

పటాన్‌చెరు అనుభవం తప్పక చెప్పండి. అప్పట్లో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు చేరే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే ఎక్కువ. శుద్ధి అయ్యాక తేలిన లెక్క ఇది. ఆ నీటిలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా మీద ఆ మందు పనిచేయదు. పెట్టుబడి తన ఉత్పత్తికి ఆధారమైన పరిస్థితులనే పాడు చేసుకుంటుందని 1988లో మార్క్సిస్టు ఆర్థికవేత్త జేమ్స్ ఓకానర్ చెప్పిన రెండో వైరుధ్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మందు తయారీయే మందును చెడగొడుతోంది.

కంపెనీ రాకముందే మీ నీటి పరీక్షలు చేయించి పెట్టుకోండి. తర్వాత చేయిస్తే ముందు నుంచీ ఇలాగే ఉందంటారు. ఇక్కడ అందరూ చేసే తప్పు టీడీఎస్ పెన్నును నమ్మడం. అది నీటి విద్యుద్వాహకతను కొలిచి ఉప్పు అంచనా వేస్తుంది, టాలీన్ లాంటి ద్రావకం ఉన్నా దానికి తెలియదు. తాగునీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా అని ప్రమాణం. పెన్ను 450 చూపించిందని నీళ్లు బాగున్నట్టు కాదు. నీటిలోని సేంద్రియ రసాయనాల భారాన్ని చెప్పే సీఓడీ పరీక్ష కోసం నమూనాకు సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి పీహెచ్ 2 లోపుకు తెచ్చి, ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి ల్యాబ్‌కు పంపాలి. ద్రావకాల కోసమైతే 40 మిల్లీలీటర్ల గాజు సీసాను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపాలి. బుడగ ఉంటే ద్రావకం అందులోకి చేరిపోయి ఫలితం తక్కువ వస్తుంది. మీరు తీసిన నమూనాను కోర్టులో చట్టపరమైన నమూనాగా ఒప్పుకోరు. నీటి కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) అధికారి తీయాలి. మీ ఫలితం ఆ అధికారిని ఊరికి రప్పించడానికి పనికొస్తుంది.

భూమి వినియోగం పట్టికలో బంజరు, పోరంబోకు అన్న పదాలు కనిపిస్తే ఆగండి. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూములను ఇలాగే పనికిరానివిగా చూపారు. అది నీరు నిలిచే తంపర నేల, ఎత్తిపోతలూ చేపలూ మేతా అన్నీ దాని మీదే. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో అక్కడ ప్రాణాలు పోయాయి, ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ థర్మల్ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. రోడ్డు మీద జనం, అప్పీలులో కాగితం, రెండూ ఉన్నాయి కాబట్టే ఆ ప్రాజెక్టు ఆగింది.

సభ రోజు సంగతి. అది ఓటింగు కాదు. ఒకే కాగితం మీద 500 మంది సంతకాలు పెట్టి వ్యతిరేకిస్తున్నామంటే మినిట్స్‌లో (సభ నమోదు కాగితంలో) ఒక వాక్యం అవుతుంది. వేర్వేరు పాయింట్లతో 20 కాగితాలు ఇస్తే ఒక్కో పాయింటుకూ కంపెనీ జవాబు రాయాలి. ముందు రోజే కలెక్టరేట్‌లోనూ పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలోనూ ఇచ్చి, స్టాంపు వేసిన నకలు తీసుకోండి. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తక్కువ కాని అధికారి అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, ఆ రోజే సంతకం కావాలి. గొడవ మొదలయ్యాక చాలాచోట్ల చదవకుండానే అధికారులు లేచిపోతారు. అప్పుడు పదిమంది టెంటు దగ్గరే నిలబడి చదవమని అడగండి, అడిగినట్టు మీ ఫోన్లోనూ రికార్డు చేయండి. బహిష్కరించాలని ఊరు తీర్మానిస్తే బహిష్కరించండి, కానీ లిఖిత అభ్యంతరాలు ఇచ్చాకే. టెంటు కూల్చేసి కాగితం ఇవ్వకుండా వచ్చేస్తే పైకి వెళ్లే ఫైలులో మీరు లేనట్టే. ఊరి బయటి కార్యకర్తలు మైకు కోసం పోటీ పడకుండా లిఖితంగా పంపితే చాలు, స్థానికుల సమయం తినకూడదు.

ఒక మెలిక గమనించండి. అనుమతి పొందిన ఇండస్ట్రియల్ పార్కు లోపల వచ్చే యూనిట్లకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. మీది పార్కుకు జరుగుతున్న సభ అయితే, ఆ తర్వాత ఎన్ని రియాక్టర్లు వచ్చినా మిమ్మల్ని ఎవరూ పిలవరు.

ఇక జనం. ఉద్యమాలు ఎక్కువగా విరిగేది భూమి దగ్గర. పట్టాదారుకు పరిహారం పెరిగితే అతను పక్కకు జరుగుతాడు, అసైన్డ్ భూమి రైతుకు తక్కువ ఇస్తారు, కౌలుదారుకూ కూలీకీ ఏమీ రాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న కూలీ, కౌలు కుటుంబాలు కూడా ప్రభావిత కుటుంబాలే. వాళ్లకు ఉద్యోగం, లేదా 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2,000 రూపాయలు అని రెండో షెడ్యూలులో ఉంది. కమిటీ మొదటి మీటింగులోనే ఈ జాబితా రాయండి, ఉపాధి హామీ మస్టర్లతో సరిచూడండి. పట్టాదారుల కమిటీగా మొదలైతే అది బేరం దగ్గర ఆగిపోతుంది.

ఇప్పటికే ఉన్న ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులను శత్రువులుగా చూడటం ఇంకో పెద్ద తప్పు. ఎంఈఈ ఏ రాత్రి ఆగిందో, ట్యాంకరు ఏ గేటు నుంచి వెళ్లిందో తెలిసేది వాళ్లకే. 1971లో సిడ్నీలో కెల్లీస్ బుష్ అనే అడవి ముక్కను కాపాడమని స్థానిక మహిళలు అడిగితే భవన నిర్మాణ కార్మికుల సంఘం అక్కడ పని చేయబోమని తీర్మానించింది. గ్రీన్ బ్యాన్లు అలా మొదలయ్యాయి. అంత బలం మన ఫార్మా కాంట్రాక్టు కార్మికులకు ఇప్పుడు లేదు, పేరు బయటపడితే మర్నాడే గేటు పాసు పోతుంది. అందుకే వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతో ఎక్కడా రాయకండి. దాన్ని బట్టి పీసీబీని ఏ రోజు తనిఖీకి పిలవాలో నిర్ణయించుకోండి.

అనుమతి వచ్చేసిందంటే గడియారం మొదలైనట్టే. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి, పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు. కేంద్ర పర్యావరణ శాఖ అనుమతులు పెట్టే పరివేష్ పోర్టల్‌ను వారానికోసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఫ్యాక్టరీ నడిచాక జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. దాన్నీ, ప్రమాదకర వ్యర్థాల లారీల మానిఫెస్టులనూ (రవాణా పత్రాలనూ) సమాచార హక్కు కింద 10 రూపాయలతో అడిగి, లారీల్లో పోయిన ఉప్పు టన్నులు కూడి, మీరు ముందు వేసిన రోజుకు 4 టన్నుల లెక్క పక్కన పెట్టండి.